వయసు మీద నెపం

మా మెట్టప్రాంతంలో ప్రతి జబ్బుకీ ఒక కారణం దొరుకుతుంది. పళ్లు గారపడితే బోరు నీళ్లు. మోకాళ్లు పట్టేస్తే మళ్లీ ఆ నీళ్లే. దగ్గు తగ్గకపోతే పొయ్యి పొగ. కడుపు మండితే గొడ్డుకారం. కానీ కళ్లు మసకేస్తున్నాయని చెప్పి చూడండి. రచ్చబండ మీద కూర్చున్న అందరిదీ ఒకటే మాట. “వయసైంది గదా!”

అంతటితో ఆ సంభాషణ అయిపోతుంది. వినడానికి కారణం చెప్పినట్టే ఉంటుంది. నిజానికి ఇంక కారణం అడగొద్దని చెప్పడం అది. వయసు అందరికీ వస్తుంది కదా! మరి డెబ్బై అయిదేళ్ల పెద్దాయన జోడు తీసి దూరాన వచ్చే బస్సు బోర్డు చదువుతుంటే, పక్కింట్లో అరవై ఏళ్లాయన గోడ పట్టుకుని ఎందుకు నడుస్తున్నట్టు?

నేను ఉదయగిరి పక్కన ఓ పల్లెలో పుట్టాను. ఆత్మకూరులో పాతికేళ్లకు పైగా సైన్సు పాఠాలు చెప్పాను. కన్ను బొమ్మ గీసి కటకం, కంటిపాప, రెటీనా అని బాణం గుర్తులు పెట్టడం నాకు నిద్రలో కూడా వచ్చు. ఈ ప్రశ్న మాత్రం నాకు పాఠ్యపుస్తకంలో ఎదురుకాలేదు. మా ఇంట్లో ఎదురైంది. ముందు మా జేజికి, తర్వాత మా నాయనకి, ఇప్పుడు నాకు.

పొర పండాలి!

జేజికి రెండు కళ్లకూ పొర వచ్చింది. మా వైపు శుక్లాన్ని పొర అనే అంటారు. పొర ముదరాలి, పండాలి అనేవాళ్లు. కన్నేమన్నా మామిడికాయా పండటానికి? అయినా ఆగాలి. అప్పటి ఆపరేషన్ పద్ధతికి శుక్లం ముదిరితేనే డాక్టర్లకు వీలు. అది పండినన్నాళ్లూ జేజి వసారాలో కూర్చుని, గాజుల చప్పుడును బట్టి కోడళ్లను, చెప్పుల చప్పుడును బట్టి కొడుకులను గుర్తుపట్టేది. “జేజికి చెవులు ఎంత చురుకో” అని మురిసిపోయేవాళ్లం.

నేను ఏడో తరగతిలో ఉండగా మా బడిలో కంటి శిబిరం పెట్టారు. మాకు సెలవులు. తరగతి గదుల్లో బెంచీలు తీసేసి మంచాలు వేశారు. సరోజినీదేవి కంటి ఆసుపత్రి డాక్టర్ పెర్ల శివారెడ్డి లాంటివాళ్లు ఊరూరా శిబిరాలు పెట్టి వేలమందికి శుక్లాలు తీసిన కాలం అది. మా ఊరికి ఏ డాక్టరు వచ్చాడో నాకు గుర్తులేదు కానీ, జేజి ఇంటికి తెచ్చుకున్న సోడాబుడ్డి అద్దాలు మాత్రం ఇప్పటికీ కళ్లముందున్నాయి. అవి పెట్టుకుంటే ప్రతి వస్తువూ పెద్దగా, దగ్గరగా కనిపించేది. మంచినీళ్ల గ్లాసు అందుకోబోతే ఆమె చెయ్యి గ్లాసుకు జానెడు ముందే ఆగిపోయేది.

కారణం తర్వాత చదువుకున్నాను. మసకబారిన కటకాన్ని కంట్లోంచి తీసేసేవాళ్లు. దాని స్థానంలో ఇంకోటి పెట్టేవాళ్లు కాదు. కంట్లో ఉండాల్సిన కటకం ముక్కు మీద కూర్చునేది. అలాగని కృత్రిమ కటకం అప్పటికి పుట్టలేదని కాదు. హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు 1949లోనే లండన్‌లో మొదటిది అమర్చాడు. యుద్ధంలో విమానాల అద్దాలు పగిలి, ఆ ప్లాస్టిక్ పెంకులు పైలట్ల కళ్లలో దిగినా కన్ను వాటిని పెద్దగా ఇబ్బంది పడకుండా భరించడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. కానీ లండన్ నుంచి ఉదయగిరికి దారి చాలా దూరం. మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లు ఆరోల్యాబ్ పెట్టి 1992లో చవగ్గా కటకాలు తయారు చేయడం మొదలుపెట్టాక గానీ పేదవాళ్ల కంట్లోకి అది రాలేదు. అప్పటికి మా జేజి లేదు.

లెక్క తీసినవాళ్లు

‘వయసైంది గదా’ అని సరిపెట్టుకోకుండా ఇంటింటికీ తిరిగి అడిగినవాళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నారు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996 నుంచి 2000 దాకా ‘ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల అధ్యయనం’ చేసింది. హైదరాబాద్ నగరం, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలు ఎంచుకున్నారు. పచ్చటి డెల్టా ఒకటి, అడవి జిల్లా ఒకటి, కరువు జిల్లా ఒకటి అన్నమాట. మా నెల్లూరు అందులో లేదు. కానీ పాలమూరు మెట్టకూ మా ఉదయగిరి మెట్టకూ పెద్ద తేడా ఏముంది చెప్పండి? అదే ఎండ, అదే వలస.

మొత్తం 10,293 మందిని పరీక్షించారు. కంటిచూపు పూర్తిగానో, దాదాపు పూర్తిగానో పోయినవాళ్లు నూటికి 1.84 మంది తేలారు. అందులో 44 శాతం మందికి కారణం శుక్లాలు. 16.3 శాతం మందికి కారణం దృష్టి దోషాలు. ఈ రెండో అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దృష్టి దోషం అంటే కళ్లజోడుతో పోయేది! జోడు లేక గుడ్డివాళ్లుగా బతుకుతున్నవాళ్లన్నమాట. రెండూ కలిపితే నూటికి అరవై మంది చూపు తిరిగి తెప్పించగలిగిందే.

ఇంకో సంగతి కూడా బయటపడింది. వయసుతో పాటు చూపులేమి పెరిగిన మాట నిజమే. అయితే పేదరికంతోనూ పెరిగింది. పల్లెల్లో ఎక్కువ. ఆడవాళ్లలో ఎక్కువ. మరి ఇద్దరికీ అరవై ఏళ్లే అయినప్పుడు ఆడమనిషికి, అందునా పేద ఆడమనిషికి ఎక్కువగా చూపు పోతుంటే ఆ నేరం వయసుదెలా అవుతుంది?

జాతీయ స్థాయిలో 2015-19 మధ్య జరిగిన సర్వేలో దేశం మొత్తం మీద అంధత్వం 0.36 శాతానికి తగ్గినట్టు తేలింది. సంతోషించాల్సిన విషయమే. కానీ అదే సర్వేలో యాభై దాటినవాళ్ల అంధత్వానికి కారణాల్లో శుక్లాల వాటా 66.2 శాతం. అరగంట కూడా పట్టని ఆపరేషన్‌తో పోయే జబ్బు ఇప్పటికీ మొదటి స్థానంలోనే కూర్చుని ఉంది.

గుడ్డు తెల్లసొన కథ

శుక్లం ఎందుకొస్తుంది? పిల్లలకు నేను చెప్పే పోలిక గుడ్డు తెల్లసొన. పచ్చిగా ఉన్నప్పుడు అందులోంచి అవతలి వస్తువు కనిపిస్తుంది. వేడి తగిలితే తెల్లగా గడ్డకడుతుంది. పదార్థం అదే. లోపలి ప్రొటీన్ల అమరిక చెదిరింది, అంతే.

మన కంటి కటకంలో క్రిస్టలిన్లు అనే ప్రొటీన్లు కిక్కిరిసి ఉంటాయి. చర్మం రాలి కొత్తది వస్తుంది. గోరు తెగితే పెరుగుతుంది. కటకం నడిమి భాగం మాత్రం తల్లి కడుపులో ఉన్నప్పుడు తయారైందే. చనిపోయేదాకా అదే. అందులోని కణాలకు కేంద్రకం కూడా ఉండదు కాబట్టి పాడైన ప్రొటీన్‌ను మార్చుకునే వీలు లేదు. ఎనభై ఏళ్ల మనిషి కంట్లో ఎనభై ఏళ్ల పాత సరుకే ఉంటుంది. హైదరాబాద్ సీసీఎంబీలో డాక్టర్ డి.బాలసుబ్రమణియన్ వంటి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశోధించింది ఈ ప్రొటీన్ల గురించే.

అంటే వయసు చేసే పని ఒక్కటే. దెబ్బలను కూడబెడుతుంది. దెబ్బ కొట్టేది వేరేవాళ్లు. వాళ్లెవరో ఒక్కొక్కరినీ పరిశోధకులు పట్టుకుంటూ వచ్చారు.

మొదటి ముద్దాయి ఎండ. అమెరికాలో చీసపీక్ అఖాతం మీద పడవల్లో బతికే 838 మంది జాలర్ల కళ్లను పరిశీలించి 1988లో ఒక అధ్యయనం వేశారు. ఎవరు ఎన్నేళ్లు, ఏ నెలల్లో, టోపీ పెట్టుకునా లేకుండానా నీళ్ల మీద గడిపారో లెక్కగట్టారు. అతినీలలోహిత కిరణాల మోతాదు రెట్టింపైనవాళ్లలో ఒక రకం శుక్లం ముప్పు 60 శాతం పెరిగింది. అంచున్న టోపీ, కళ్లద్దాలు ఆ మోతాదును బాగా తగ్గిస్తాయని కూడా తేలింది. మా వైపు రైతు తలగుడ్డ చుడతాడు. అది నెత్తిని కాస్తుంది గానీ కంటికి నీడనివ్వదు!

రెండో ముద్దాయి తీపి. మధుమేహం ఉన్నవాళ్లకు శుక్లం తొందరగా వస్తుంది. ఎక్కువైన చక్కెర కటకంలోని ప్రొటీన్లకు అంటుకుని, వాటి అమరికను చెడగొడుతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2005లో మధుమేహం తెప్పించిన ఎలుకల మేతలో పసుపు కలిపి చూశారు. వాటికి శుక్లం రావడం ఆలస్యమైంది. ఈ మాట ఒకసారి క్లాసులో చెబితే ఓ పిల్లవాడు “అయితే మా అవ్వ కంట్లో పసుపు పెట్టమంటారా సార్?” అన్నాడు. పెట్టొద్దు నాయనా! ఆ ఎలుకలు పసుపు తిన్నాయి, కళ్లకు రాసుకోలేదు. ఎలుకల్లో తేలింది మనుషుల్లో తేలేదాకా ఆగాలి కూడా.

మూడో ముద్దాయి పొగ. పొయ్యి పొగ, చుట్ట పొగ రెండూను. 2005-07 మధ్య ఢిల్లీ దగ్గరి పల్లెల్లో, పుదుచ్చేరి చుట్టుపక్కల అరవై దాటినవాళ్లను ఐదున్నర వేలమందికి పైగా పరీక్షించారు. రక్తంలో సి విటమిన్ ఎక్కువున్నవాళ్లలో శుక్లాలు తక్కువగా కనిపించాయి. కానీ ఉత్తరాన నూటికి 74 మందికి, దక్షిణాన 46 మందికి ఆ విటమిన్ కొరత ఉంది! కట్టెల పొయ్యి మీద వండుకునేవాళ్లలో, పొగాకు వాడేవాళ్లలో కొరత ఇంకా ఎక్కువ. సి విటమిన్ అంటే ఏమిటి? నిమ్మకాయ, ఉసిరికాయ, జామకాయ. గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచి నిమ్మకాయలు లారీలకు లారీలు ఢిల్లీ దాకా పోతాయి. ఆ కాయలు కోసే కూలి మనిషి కంచంలో మాత్రం పచ్చడి మెతుకులు.

మా అమ్మ కళ్లకు అరవై నిండకుండానే శుక్లాలు వచ్చాయి. నలభై ఏళ్లు ఆమె కంపకట్టెలు ఊదింది. ఊదుగొట్టం పక్కన పెట్టి, చెంగుతో కళ్లు ఒత్తుకోవడం ఆమె వంటలో ఒక భాగం అనుకునేవాణ్ని.

ఆకు చూసే కళ్లు

నాయన సంగతి వేరు. మర్రిపాడు మండలం డీసీపల్లిలో పొగాకు వేలం కేంద్రం ఉంది. కలిగిరిలో ఇంకోటి. మా ప్రాంతంలో వర్షాధారం మీద నాలుగు రూపాయలు చూపించే పంట వర్జీనియా పొగాకు. బ్యారన్‌లో ఆకు మాగిన తర్వాత రంగును బట్టి, మచ్చను బట్టి, ఆకు ఒంటిని బట్టి గ్రేడు చేయాలి. నిమ్మపండు రంగుకీ నారింజ రంగుకీ మధ్య ఎన్ని రంగులుంటాయో అది చేసేవాళ్లకే తెలుస్తుంది. ఒక గ్రేడు తప్పితే కిలోకి రేటు పడిపోతుంది. మా నాయన అందులో మొనగాడు. గ్రేడు కాడ తగువొస్తే పక్క ఊళ్ల రైతులు కూడా “ఆయన్ని పిలవండబ్బా” అనేవాళ్లు. ఆకును వెలుగుకు ఎత్తి ఒక్క చూపు చూసేవాడు. అంతే, ఇంక తిరుగులేదు.

2011లో ఆయనకు శుక్లాలు తీశారు. రెండు కళ్లకూ కటకాలు పెట్టారు. ఆపరేషన్ మర్నాడు కట్టు విప్పగానే “ఈ గోడలకి ఇంత తెల్లసున్నం ఎప్పుడేసిందీ?” అన్నాడు. మేం నవ్వుకున్నాం. నాలుగైదేళ్లు హాయిగా గడిచాయి. మళ్లీ ఆకు చూశాడు. మళ్లీ తగువులు తీర్చాడు.

2016 ఎండాకాలంలో ఒకరోజు పొద్దున్నే అరుగు మీద కూర్చుని అడిగాడు. “అబ్బయా, దుర్గం కొండకి రెండు పక్కలా కనపడతా ఉండాయి. మజ్జిన ఏందిరా అట్టా అలికేసినట్టుండాది?”

మంచు అనుకున్నాం. ఎండాకాలంలో మంచేమిటి? మా ఇంటి అరుగు మీద నుంచి చూస్తే ఉదయగిరి దుర్గం ఎదురుగా నిలబడి ఉంటుంది. కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి గాని 1514లో గెలుచుకోలేకపోయిన కొండ. అది మా నాయన కంట్లో మధ్యకు చెరిగిపోయింది. ఊళ్లో అడిగితే మామూలు మాటే. “పొర మళ్లీ వచ్చుంటాది. వయసైంది గదా!”

చెన్నై తీసుకెళ్లాం. నెల్లూరు వాళ్లకు కంటికైనా గుండెకైనా చెన్నై దగ్గర. అక్కడ తెలుగు తెలిసిన డాక్టరమ్మ ఒక కాగితం చేతికిచ్చింది. లెక్కల నోటుపుస్తకంలా గళ్లు, మధ్యలో ఒక చుక్క. దాన్ని ఆమ్స్‌లర్ పటం అంటారు. ఒక కన్ను మూసి చుక్కవైపు చూడమంది. నాయన చూసి “గీతలు వంకర బోయినయ్యమ్మా. చుక్క లేదే!” అన్నాడు. తర్వాత తల తిప్పి నావైపు చూశాడు. “అబ్బయా, నీ చొక్కా కనపడతా ఉండాది. చెవులు కనపడతా ఉండాయి. మొహమే లేదు” అన్నాడు.

అది మాక్యులా క్షీణత. రెటీనా నడిబొడ్డున మాక్యులా అనే చిన్న ప్రదేశం ఉంటుంది. చదవడం, మొహాలు గుర్తుపట్టడం, ఆకు రంగు చూడటం అన్నీ దాని పనే. దాని వెనక పొరలో చెత్త ఎత్తిపోసే కణాలుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి పని మందగించి పసుపుపచ్చటి మేటలు పేరుకుంటాయి. పైనున్న చూపు కణాలు మెల్లగా చచ్చిపోతాయి. ఇది పొడి రకం. తడి రకంలో కొత్త రక్తనాళాలు మొలిచి కారతాయి. దానికి 2000ల మధ్య నుంచి కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు వచ్చాయి. పొడి రకం ముదిరినవాళ్ల కోసం అమెరికాలో 2023లో రెండు మందులకు అనుమతి దొరికింది. అవి వేగాన్ని తగ్గిస్తాయి. పోయిన చూపును తేవు. మా నాయనకి కుడికంట్లో పొడి రకం బాగా ముదిరింది. ఎడమ కంట్లో మొదలైంది.

“ఎందుకొచ్చిందమ్మా ఇది?” అని అడిగాడు నాయన. డాక్టర్ల దగ్గర ఎప్పుడూ ప్రశ్న వేయని మనిషి.

“మూడున్నాయి పెద్దాయనా. వయసు, వంశం, పొగ. మొదటి రెండూ మన చేతిలో లేవు” అంది ఆమె.

నాయన చేయి జేబు మీదకు పోయింది. ఇంట్లో చుట్టుకున్న చుట్టలు ఎప్పుడూ అక్కడే ఉండేవి. “కాన్సరొస్తాదని జెప్పారు. దగ్గొస్తాదని జెప్పారు. కన్ను బోతాదని ఎవురూ జెప్పలేదే!” అన్నాడు.

ఆమె చెప్పిన ఒక్కో మాట వెనకా ఎంత పనుందో ఊరికొచ్చాక చదివాను. వంశం సంగతి 2005లో బయటపడింది. ఒంట్లో వాపును అదుపులో పెట్టే ఒక జన్యువులో చిన్న తేడా ఉంటే ఈ జబ్బు ముప్పు పెరుగుతుందని అమెరికాలో కొన్ని బృందాలు ఒకేసారి కనిపెట్టాయి. పొగ సంగతికి అంత దూరం పోనక్కర్లేదు. పైన చెప్పిన మన ఆంధ్రప్రదేశ్ అధ్యయనంలోనే నలభై దాటినవాళ్లలో 1.82 శాతం మందికి మాక్యులా క్షీణత కనిపించింది. బాగా చుట్టలు తాగేవాళ్లలో అది ఎక్కువ. అధ్యయనం వెలువడింది 2005లో. ఆ మాట డీసీపల్లి చేరడానికి ఎన్నేళ్లు కావాలి?

ఆస్ట్రేలియాలో 2006 నుంచే సిగరెట్ పెట్టెల మీద ‘పొగతాగితే గుడ్డితనం వస్తుంది’ అని కంటి బొమ్మతో సహా వేశారు. మన పెట్టెల మీద నోళ్లు, గొంతులు చూశాను గానీ కన్ను నాకెప్పుడూ కనపడలేదు. అయినా ఇంట్లో చుట్టుకునే చుట్టకు పెట్టె ఎక్కడుంది, బొమ్మ ఎక్కడుంది!

ఒక సంగతి సైన్సు మాస్టారుగా చెప్పాలి. మా నాయన కన్ను పోయింది చుట్ట వల్లేనని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. పరిశోధన వెయ్యి మంది గురించి చెబుతుంది. ఒక్క మనిషి గురించి చెప్పదు. చుట్ట ముట్టనివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. తొంభై ఏళ్లు తాగి రానివాళ్లూ ఉంటారు. కానీ ఆ మాట ముందు చెబితే తేల్చుకునే అవకాశం మనిషికి ఉంటుంది. ‘వయసు’ అన్నప్పుడు ఆ అవకాశం కూడా ఉండదు.

నాయన చుట్ట మానేశాడు. ఒక్కరోజులో కాదు, ఎనిమిది నెలలు పట్టింది. జింకు, విటమిన్ల మాత్రలు రాసేముందు డాక్టరమ్మ పొగ గురించి మళ్లీ అడిగింది. దానికీ కారణముంది. 2001లో అమెరికా వాళ్ల పెద్ద అధ్యయనంలో ఈ మాత్రలు జబ్బు ముదిరే ముప్పును 25 శాతం తగ్గిస్తాయని తేలింది. కానీ అందులోని బీటా కెరోటిన్ పొగతాగేవాళ్లకు మంచిది కాదు. ఊపిరితిత్తుల కాన్సర్ భయం. 2013 నాటి రెండో అధ్యయనం తర్వాత దాని బదులు లూటీన్, జియాజాంథిన్ వేస్తున్నారు. ఎడమ కన్ను ఇప్పటికీ కొంత పనిచేస్తోంది. ఎనభై దాటిన మా నాయన పొలం గట్టు మీద ఒక్కడే నడుస్తాడు, పక్కచూపుతో. ఆకు మాత్రం చూడలేడు. ఎవరైనా గ్రేడు అడగడానికొస్తే ఆకును వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, “నా మాట నమ్మొద్దబ్బా” అని తిరిగిచ్చేస్తాడు.

చప్పుడు చేయని దొంగ

ఇంకో దొంగ ఉన్నాడు. నీటికాసులు. మా పెదనాయనకు వచ్చింది. కంటిలో ఒత్తిడి పెరిగి, చూపు నరం అంచుల నుంచి ఎండుకొస్తుంది. నాయనకు మధ్య పోయి పక్కలు మిగిలితే, పెదనాయనకు పక్కలు పోయి మధ్య మిగిలింది. గొట్టంలోంచి చూసినట్టు! నొప్పి లేదు, ఎరుపు లేదు. గడపలు తగిలి పడుతుంటే “వయసైంది, కాళ్లు నిలవటంలేదు” అనుకున్నారు. తెలిసేసరికి చాలాభాగం పోయింది. ఇందులో పోయింది తిరిగి రాదు. చుక్కల మందుతో మిగిలింది నిలుపుకోవడమే. దక్షిణ భారతంలో జరిగిన పెద్ద సర్వేల్లో ఈ జబ్బున్నవాళ్లలో నూటికి 90 మందికి పైగా తమకు అది ఉందనే తెలియదు. తోబుట్టువుల్లో, పిల్లల్లో ఒకరికుంటే మిగతావాళ్లకు ముప్పు ఎక్కువ. పెదనాయన పిల్లలు నలుగురూ ఇప్పుడు ఏడాదికోసారి కంటి ఒత్తిడి చూపించుకుంటున్నారు. ఒకరికి మొదట్లోనే దొరికింది.

నా వంతు

నాకు నలభై రెండో ఏట చత్వారం వచ్చింది. ఆ మాటలోనే నలభై ఉంది. చత్వారింశత్ అంటే నలభై. అందరికీ వచ్చేది, వయసు వల్లే వచ్చేది ఇదొక్కటే. కటకం గట్టిపడి, దగ్గరి వస్తువు కోసం ఉబ్బడం మానేస్తుంది. తమాషా చూడండి. నిజంగా వయసుతో వచ్చే ఈ ఒక్కదానికీ మందు అన్నిటికన్నా చవక. ఒక జత అద్దాలు!

ఉదయగిరిలో చెక్క స్పూన్లు, గరిటెలు, ఫోర్కులు చెక్కే ఇళ్లున్నాయి. నర్ది, కలివి, బిక్కి చెక్కల మీద సన్నటి పువ్వులు, పిట్టలు తీస్తారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన పనితనం. చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. నలభై అయిదు దాటాక కొందరు “ఇంక చెయ్యి సాగడంలేదు” అని సన్నపని మానేసి, చెక్క రుద్దే పనికి మారతారు. సాగనిది చెయ్యి కాదు, కన్ను! అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కూలీలతో చేసిన పరిశోధన 2018లో వచ్చింది. దగ్గరి చూపు అద్దాలిచ్చిన వాళ్లు, ఇవ్వని వాళ్లకన్నా దాదాపు 22 శాతం ఎక్కువ ఆకు కోశారు. మా బడి పిల్లల్లో అలాంటి ఇళ్లవాళ్లు ఉంటే “మీ అమ్మ సూదిలో దారం ఎక్కిస్తుందా?” అని అడిగేవాణ్ని. “నేనే ఎక్కిస్తా సార్” అని గర్వంగా చెప్పేవాళ్లు. ఆ గర్వం వెనక ఒక కళ్లజోడు బాకీ ఉందని వాళ్లకు తెలియదు.

తెలంగాణలో 2018లో, మన రాష్ట్రంలో 2019లో ‘కంటి వెలుగు’ పేరుతో ప్రభుత్వాలు ఊళ్లకొచ్చి పరీక్షలు చేశాయి. మంచిదే. కానీ పథకం వచ్చినప్పుడే కన్ను చెడాలని రూలేమీ లేదు కదా! నలభై దాటితే రెండేళ్లకోసారైనా, మధుమేహం ఉంటే ఏటా, ఇంట్లో ఎవరికైనా నీటికాసులో మాక్యులా జబ్బో ఉంటే డాక్టరు చెప్పినన్నిసార్లు చూపించుకోవాలి. ఒక్కో కన్ను విడిగా మూసి చూసుకోవాలి. రెండు కళ్లూ తెరిచి ఉంటే మంచి కన్ను చెడ్డ కన్ను తప్పును దాచేస్తుంది. దుర్గం కొండ మధ్యకు చెరిగిపోయిందని మా నాయన కనుక్కునేసరికి కుడికన్ను ఎంతకాలంగా మోసం చేస్తోందో ఎవరికి తెలుసు?

నాకిప్పుడు యాభై అయిదు. మా నాయన జన్యువులు సగం నాలో ఉన్నాయి. ఏ సగమో తెలియదు. డాక్టరమ్మ ఇచ్చిన గళ్ల కాగితం జిరాక్సు తీయించి, వంటింటి గోడకు క్యాలెండరు పక్కన అంటించాను. ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ జోడు పెట్టుకుని, ముందు కుడి కన్ను మూసి, తర్వాత ఎడమ కన్ను మూసి, మధ్య చుక్కను చూస్తాను. మా ఆవిడా చూస్తుంది. సెలవులకొచ్చినప్పుడు పిల్లలు కూడా ఆటగా చూస్తారు.

ఇంతవరకూ గీతలు తిన్నగానే ఉన్నాయి.